ముస్సోలినీ రోమ్‌కి రాకముందు పల్లెల్లో ఏం జరిగింది?

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇటలీ ఫాసిజం గురించి మనకు దొరికేది ఒక్క లైనే: 1922లో ముస్సోలినీ రోమ్ మీదకు దండయాత్ర చేసి అధికారంలోకి వచ్చాడు. మేం కూడా హాస్టల్లో అదే బట్టీ పట్టాం. తర్వాత చదువుతుంటే తెలిసింది, అసలు కథ ఉత్తరాన పో నది మైదానంలో, కూలీల ఊళ్ళల్లో నడిచిందని.

1919 మార్చి 23న మిలాన్‌లో ముస్సోలినీ తన సంఘం పెట్టాడు. ఆ నవంబర్ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. నిజానికి అక్కడితో అయిపోవాల్సిన మనిషి.

కానీ బొలోన్యా, ఫెరారా వైపు చూడండి. భూములేమో పెద్ద ఆసాములవి, పని చేసేది సెంటు భూమి లేని రోజుకూలీలు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వాళ్ళ సంఘాలు బాగా బలపడ్డాయి. మనుషులు కావాలంటే ఆసామి సంఘం ఆఫీసుకే రావాలి, ఇంత భూమికి ఇంతమందికి పని ఇవ్వాలి అని ఒప్పందాలు రాయించుకున్నారు. పని దొరకని చలికాలంలో అదెంత పెద్ద విషయమో కూలికి వెళ్ళిన ఇళ్ళ పిల్లలకు చెప్పక్కర్లేదు. 1920లో బొలోన్యా ప్రాంతంలో నెలల తరబడి సమ్మె చేసి గెలిచారు కూడా. సంఘాలు తప్పు చేయలేదని మేం అనం. మాట వినని కూలీలనీ చిన్న కౌలుదారులనీ వెలివేసిన సందర్భాలున్నాయి. వాళ్ళ కోపం తర్వాత ఫాసిస్టులకు బాగా పనికొచ్చింది.

ఓడిన ఆసాములు ఊరుకోలేదు. 1920 నవంబర్ 21న బొలోన్యాలో కొత్త సోషలిస్టు మునిసిపల్ కౌన్సిల్ కొలువుదీరే రోజునే ఫాసిస్టులు దాడి చేశారు. కాల్పుల్లో పదిమందికి పైగా చనిపోయారు. ఇక అక్కడి నుంచి ఆసాముల డబ్బుతో నల్లచొక్కాల దళాలు రాత్రిపూట లారీల్లో ఊళ్ళమీద పడ్డాయి. సంఘం ఆఫీసులు, సహకార దుకాణాలు తగలబెట్టడం, నాయకుల్ని ఇంట్లోంచి లాగి కర్రలతో కొట్టడం, ఆముదం తాగించడం. మన ఇళ్ళల్లో ఆముదం తలకు రాస్తారు, కడుపు శుభ్రానికి ఓ చెంచా ఇస్తారు. వాళ్ళేమో ఊరందరి ముందు మనిషి పరువు తీయడానికి గొంతులో బలవంతంగా పోసేవాళ్ళు. పోలీసులు చాలాచోట్ల చూసీ చూడనట్టే ఉన్నారు. సంఘం పోయాక కూలీలు పని కోసం ఫాసిస్టుల సంఘంలోనే చేరాల్సి వచ్చింది, కూలి తగ్గింది. 1920 చివర సుమారు 20 వేలున్న ఫాసిస్టు సభ్యత్వం ఏడాదిలో 2 లక్షలు దాటింది.

పైనున్నవాళ్ళు ఏం చేశారంటారా? 1921 ఎన్నికల్లో ప్రధాని జొలిట్టి వాళ్ళను తన కూటమిలో చేర్చుకున్నాడు. సోషలిస్టులను తగ్గించడానికి వాడుకుందాం, తర్వాత దారికి తెచ్చుకోవచ్చు అన్న లెక్క. 35 సీట్లు వచ్చాయి. 1922 అక్టోబర్ 28న మంత్రివర్గం సైనిక చట్టం పెడదామంటే రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ముస్సోలినీ ఆ 'దండయాత్ర'లో నడవనే లేదు, మిలాన్ నుంచి రాత్రి రైల్లో దర్జాగా వచ్చి ప్రధాని అయ్యాడు.

పో మైదానం కూలీల తరఫున పార్లమెంటులో మాట్లాడినవాడు జాకోమో మత్తెయోట్టి. తనది భూములున్న కుటుంబమే. రాత్రి దాడులు ఎలా జరుగుతాయో 1921లోనే సభలో చెప్పాడు. 1924 మే 30న ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాన్ని బయటపెట్టాడు. జూన్ 10న రోమ్‌లో పట్టపగలు కారులో ఎత్తుకెళ్ళి చంపేశారు. శవం ఆగస్టులో దొరికింది. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి, జరిగినదానికంతా బాధ్యత నాదే అన్నాడు. రాజు అప్పుడు కూడా అతన్ని తీసేయలేదు.