గర్భిణి పీల్చే పరాయి పొగ

ఇంట్లో కోడలు నీళ్ళోసుకుంటే మనం ఎన్ని జాగ్రత్తలు పడతాం! గ్రహణంనాడు తలుపులు బిగిస్తాం, బొప్పాయి ముట్టనివ్వం. కాని అదే గదిలో మామగారు చుట్ట వెలిగిస్తే మాత్రం, మగవారి అలవాటు గదా అని ఊరుకుంటాం. ఆ పొగ సంగతి లోకానికి ఎలా తెలిసిందో కాస్త చెప్పుకుందాం.

మొదట అందరి చూపూ తల్లి కాల్చే సిగరెట్టు మీదనే పడింది. 1957లో కాలిఫోర్నియాలో సింప్సన్ గారు వేలాది కాన్పుల లెక్కలు తీసి, సిగరెట్లు కాల్చే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగా పుడుతున్నారని చూపించారు. రెండున్నర కిలోలకు లోపు పుట్టిన బిడ్డకు జబ్బుల భయం ఎక్కువని మీకు తెలిసిందే.

"మనం కాల్చం గదా, మనకేం?" అంటారేమో! 1981లో జపాన్ వైద్యుడు హిరయామా, పొగ తాగని ఇల్లాళ్ళను 91,540 మందిని పద్నాలుగేళ్ళపాటు గమనించిన ఫలితాలు ప్రకటించారు. భర్త ఎక్కువగా సిగరెట్లు కాల్చేవాడైతే, భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు పెరుగుతున్నదని తేలింది. 1986లో అమెరికాలో మార్టిన్, బ్రాకెన్ అనే పరిశోధకులు, పక్కవారి పొగ పీల్చిన గర్భిణులకూ తక్కువ బరువు బిడ్డలు పుట్టడం చూశారు. 2006లో అమెరికా ప్రభుత్వ వైద్య నివేదిక ఈ రెండింటికీ సంబంధం వున్నదని తేల్చి చెప్పింది. పుట్టాక పొగ పీల్చే పసికందులు నిద్రలోనే హఠాత్తుగా పోయే ప్రమాదం కూడా వున్నదని అందులో వుంది.

ఎందుకిలా? పొగలోని కార్బన్ మోనాక్సైడు తల్లి రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. నికోటిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది. పాపం, లోపలి బిడ్డ ఎక్కడికి పోతుంది?

స్కాట్లండులో 2006లో బహిరంగ స్థలాల్లో పొగ నిషేధించాక, నెలలు నిండని కాన్పులు తగ్గాయి. మన దేశంలోనూ 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బస్సుల్లో నిషేధం గట్టిగా అమలులోకి తెచ్చారు. కాని చట్టం మన గడప దాటి లోపలికి రాదు.

కిటికీ తీశాం, ఫ్యాను వేశాం అంటే చాలదు. ఆ పొగ పూర్తిగా పోదు. కాల్చేవారు వీధిలోకి వెళ్ళాలి. ఆ మాట అనడానికి కొత్త కోడలికి నోరు రాదు. అత్తగారు అనవచ్చు. అనాలి కూడాను.