వెన్నుపాములో మచ్చ: ముందు కనిపించి, చివరికి దొరికింది

ఇవాళ్టి టాపిక్ మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్నవాణ్ణి. ఈ చరిత్రలో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. ఈ జబ్బు మచ్చల్ని మొదట బొమ్మ గీసింది వెన్నుపాములోనే. కానీ బతికున్న మనిషి వెన్నుపాములో వాటిని చూడ్డానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది.

ఎంఎస్‌లో మన రోగనిరోధక శక్తే మన నరాల మీద దాడి చేస్తుంది. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగులాగా నరం మీద మైలిన్ అనే పూత ఉంటుంది. అది అక్కడక్కడా ఊడిపోతుంది. వెన్నుపాములో ఊడితే కాళ్లు మొద్దుబారతాయి, నడక తడబడుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది.

1838లో రాబర్ట్ కార్స్‌వెల్ అనే బ్రిటిష్ డాక్టర్ తన పుస్తకంలో ఆ మచ్చల్ని రంగుల్లో చూపించాడు. పారిస్‌లో క్రువేయే కూడా దాదాపు అదే కాలంలో వేయించాడు. అన్నీ పోస్ట్‌మార్టం బొమ్మలే. కార్స్‌వెల్ అయితే ఆ రోగుల్ని బతికుండగా చూడనే లేదు! 1868లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో బతికున్నప్పటి లక్షణాల్నీ, చనిపోయాక దొరికిన మచ్చల్నీ జతచేసి ఇది వేరే జబ్బు అని తేల్చాడు. మచ్చ కళ్లారా చూడాలంటే మాత్రం మనిషి పోవాల్సిందే.

1895లో ఎక్స్‌రే వచ్చింది, ఎముకలు కనిపించాయి, అంతే. 1920ల మొదట్లో ఫ్రాన్స్‌లో సికార్, ఫోరెస్టియే ఒక పని చేశారు. అయోడిన్ కలిపిన నూనెని వెన్నులోకి ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఏం నూనె అనుకుంటున్నారు? గసగసాల నూనె! అది దిగుతూ దిగుతూ ఎక్కడైనా ఆగితే అక్కడ గడ్డ ఉన్నట్టు. ఆపరేషన్ చేస్తే నడవగలిగేవాళ్లని ఇది నిజంగా కాపాడింది. కానీ ఎంఎస్ మచ్చ నూనెని ఆపదు కదా. నూనె సాఫీగా జారిపోతే, గడ్డ లేదు కాబట్టి ఎంఎస్ కావచ్చు అనుకోవడమే. అంటే దశాబ్దాల పాటు వెన్నుపాము ఫొటో పని ‘ఇది కాదు’ అని చెప్పడమే. 1971లో సీటీ స్కాన్ వచ్చినా వెన్నుపాము విషయంలో పెద్దగా మారలేదు.

1981లో లండన్ హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్లు పదిమంది ఎంఎస్ రోగులకి ఎంఆర్ఐ తీశారు. సీటీలో కనిపించినవి 19 మచ్చలు. ఎంఆర్ఐలో ఇంకో 112! అయితే అది మెదడు. వెన్నుపాము మన చిటికెన వేలంత సన్నం. గుండె కొట్టుకున్నప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం ఊగుతుంది, ఊపిరి తీస్తే ఛాతీ కదులుతుంది. కదిలే బస్సులోంచి ఫొటో తీసినట్టే. వీపుకి దగ్గరగా పెట్టే కాయిల్స్, వేగంగా తీసే పద్ధతులు వచ్చాకే మచ్చ స్పష్టమైంది.

అంత కష్టం ఎందుకంటారా? వయసుతో, బీపీతో మెదడులో తెల్ల మచ్చలు మామూలుగానే వస్తాయి. వెన్నుపాములో అలా రావడం అరుదు. అందుకే అక్కడ దొరికిన ఒక్క మచ్చకి అంత విలువ. 2001 మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో దానికి చోటు దొరికింది. 2010 నాటికి చూడాల్సిన నాలుగు చోట్లలో వెన్నుపాము ఒకటి.

అసలు కీలకం ఇప్పుడు చెప్తా, మచ్చ పొడవు. ఎంఎస్ మచ్చ సాధారణంగా చిన్నది, రెండు వెన్నుపూసల పొడవు కూడా ఉండదు. మూడు పూసలో అంతకంటే ఎక్కువో సాగితే డాక్టర్లకి ఎన్ఎంఓ అనే ఇంకో జబ్బు మీద అనుమానం వస్తుంది. 1894లో డెవిక్ వర్ణించిన దీన్ని చాలాకాలం ఎంఎస్‌లో ఒక రకమే అనుకున్నారు. 2004లో మేయో క్లినిక్ వాళ్లు రక్తంలో దాని యాంటీబాడీని పట్టుకున్నాక లెక్క మారింది. ఆసియాలో దీని వాటా పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ. ఎంఎస్‌కి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ లాంటి మందులు ఎన్ఎంఓని ఇంకా ముదరబెట్టొచ్చు. అందుకే రేడియాలజీ రిపోర్టులో మచ్చ ఏ పూస నుంచి ఏ పూస దాకా ఉందో రాస్తారు. ఆ చిన్న లైనుని బట్టే ఏ రక్త పరీక్ష చేయాలి, ఏ మందు ఆపాలి అన్నది మొదలవుతుంది.