అమ్ఘరా తుక్కు - ఒక సర్టిఫికెట్ కథ

కువైత్‌లో ఉన్నవాళ్ళకి అమ్ఘరా అంటే చెప్పక్కర్లేదు. మిగతా దేశాల్లో వింటున్న మనవాళ్ళ కోసం చెబుతున్నాను. జహ్రా దగ్గర ఉంటుంది, అన్నీ తుక్కు యార్డులు, గోడౌన్లు, లారీలు. తుక్కుని అక్కడ సిక్రాబ్ అంటారు. 2005 నుంచి కొన్నేళ్ళు అలాంటి ఒక యార్డులో ఎగుమతి కాగితాలు రాశాను.

నా పనంతా నాలుగంకెల్లో ఉండేది. ఇనప తుక్కు 7204, రాగి తుక్కు 7404. 1988లో అమల్లోకి వచ్చిన హెచ్.ఎస్. కోడ్ ఇది. షువైక్ రేవులోనైనా మన విశాఖలోనైనా కస్టమ్స్ వాళ్ళకి ఈ అంకెలకి ఒకటే అర్థం. ఫిరంగి గుండుకి వేరే అంకె ఉంది, 9306. మరి ఆ గుండే తుప్పు పట్టి కుప్పలో కలిసిపోతే? తూకం వేసి 7204 అని రాసేస్తే కాగితానికేం తెలుస్తుంది?

ఊరికే అడగటం లేదండీ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చింది. 1991 ఫిబ్రవరి చివర్లో వెనక్కి పోతూంటే, జహ్రా దాటాక ముట్లా మిట్ట దగ్గర విమాన దాడుల్లో వందల బళ్ళు తగలబడ్డాయి. ఎడారి నిండా మందుపాతరలు, పేలని గుండ్లు. 2003లో పక్కనే మళ్ళీ యుద్ధం. ఆ ఇనుమంతా ఎప్పుడో ఒకప్పుడు తుక్కు కావాల్సిందేగా!

2004 సెప్టెంబరు 30న ఘాజియాబాద్ పక్కన సాహిబాబాద్‌లో, ఒక ఉక్కు కర్మాగారంలో దిగుమతి తుక్కులోని గుండ్లు పేలి పదిమంది చనిపోయారు. ఆ తర్వాతే మన ప్రభుత్వం నిబంధనలు బిగించింది. యంత్రంలో ముక్కలు చేయని తుక్కయితే, ఓడ ఎక్కకముందే గుర్తింపు ఉన్న సంస్థ వచ్చి చూసి, ఆయుధాలు, మందుగుండు, రేడియోధార్మిక పదార్థం లేవని సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. దించడం కూడా నిర్ణయించిన రేవుల్లోనే. వాటిలో విశాఖ ఒకటి.

నిజం చెప్పొద్దూ, మేం తెగ విసుక్కునేవాళ్ళం. తనిఖీ ఆయన వచ్చేదాకా కంటైనర్‌కి సీలు వేయకూడదు, అద్దె మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒకసారి మా ముదీర్ "పోయిన నెల ఫోటోలే పంపించేయ్, ఎవరు చూస్తారు?" అన్నాడు. నేను పంపబోయాను కూడా. ఇంతలో కుప్ప ఏరే రాజంపేట కుర్రాడు "అన్నా, ఇదేందో చూడు" అంటూ మూరెడు ఇనప గొట్టం ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. నా ఒళ్ళు జల్లుమంది. మెల్లిగా కింద పెట్టించి ఇద్దరం దూరం జరిగాం.

తీరా చూస్తే అది గుండు కాదు, పాత గ్యాస్ సిలిండర్. వాల్వు బిగించే ఉంది. కొలిమిలో పడితే అదీ పేలేదే.

ఫోటోలు పంపలేదు. తనిఖీకి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల కంటైనర్ అద్దె నా జీతంలో కోశారు. కుర్రాడికి చేతి తొడుగులు మటుకు ఇంకో రెండు నెలలకి గానీ ఇవ్వలేదు.