దీపం ఆర్పేశాక

1896 ఏప్రిల్ 2, పవిత్ర గురువారం రాత్రి. ఫ్రాన్స్‌లోని లిసియు పట్టణం, కార్మెల్ మఠం. అర్ధరాత్రి దాకా దివ్యసత్ప్రసాదం ముందు జాగారం చేసి, 23 ఏళ్ల సన్యాసిని తెరేస్ తన గదికి వచ్చింది. దీపం ఆర్పి తలగడ మీద తల ఆనించిందో లేదో, గొంతులోంచి వెచ్చగా ఏదో ఎగదన్ని పెదవుల దాకా వచ్చింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. లేచి దీపం వెలిగించి చూసుకోవచ్చు. తెల్లారనీ అనుకుని పడుకుంది.

పొద్దున కిటికీ దగ్గర విప్పి చూస్తే రుమాలుకు రక్తం. క్షయ.

భయపడాల్సిన పిల్ల సంతోషించింది, ప్రభువు తనను త్వరలో పిలుచుకుంటాడని. మఠాధిపతి అమ్మగారికి సంగతి చెప్పి, శుభ శుక్రవారపు ఉపవాసం మాత్రం అందరితోపాటు తననూ చేయనివ్వమని వేడుకుంది. అమ్మగారు ఒప్పుకున్నారు.

ఇక్కడితో ఆగితే ఇది మనకు అలవాటైన పునీతుల కథ. కానీ ఆ వెంటనే వచ్చిన ఈస్టర్ రోజుల్లో ఆమె లోపల పరలోకం ఆరిపోయింది. పుట్టిల్లంత ఖాయంగా ఉన్న పరలోకం! దాన్ని తలచుకోబోతే చాలు, చావు అవతల ఏమీ లేదని ఎవరో వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఆమె వాదించలేదు. విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసి గుండెకు ఆనించుకుంది. లోపల ఏ ఊరటా లేకుండానే రోజూ నమ్ముతున్నానని దేవునికి చెప్పుకుంది.

మన గుడుల్లో చిన్న తెరేసమ్మ స్వరూపం చేతిలో సిలువ, గులాబీలు ఉంటాయి. అక్టోబరు 1 పండుగనాడు ఆ పాదాల దగ్గర రోగులు మోకరిస్తారు. దేవుడు దూరమైపోయాడని లోలోపల కుమిలే వాళ్లు వాళ్లలో ఎందరో. ఆ గులాబీల వెనుక, మరణం దాకా సాగిన ఈ పద్దెనిమిది నెలల చీకటి సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పాలని నా కోరిక.

1897 జూన్. నాన్న వాడిన చక్రాల కుర్చీలో, మఠం తోటలో కూర్చుని తెరేస్ తన కథ రాస్తోంది. జులైకి కలం పట్టే శక్తి లేక పెన్సిలుతో రాసింది. ఆ చివరి పేజీ నమ్మకం, ప్రేమ అన్న మాటల దగ్గర ఆగిపోయింది. జులై 8న రోగుల గదికి దించారు. మంచం దగ్గర దేవమాత స్వరూపం పెట్టారు. పదేళ్ల వయసులో తీవ్రమైన జబ్బుతో పడి ఉన్నప్పుడు చిరునవ్వు నవ్వి తనను బాగుచేసిందని ఆమె నమ్మిన స్వరూపమే అది. ఈసారి స్వస్థత రాలేదు.

క్షయ పేగులకూ పాకింది. మార్ఫిన్ సూదిమందుకు మఠాధిపతి సమ్మతించలేదు. ఆగస్టు 19 తర్వాత దివ్యసత్ప్రసాదం కూడా అందుకోలేకపోయింది. ఇలాంటి నొప్పిలో ఉన్న రోగుల దగ్గర విషపు మందులు ఉంచవద్దనీ, విశ్వాసమే లేకపోతే తాను ప్రాణం తీసుకోవడానికి క్షణం ఆలోచించేదాన్ని కాదనీ అదే మఠంలో ఉన్న అక్కతో చెప్పింది. ఈ మాటను అక్క దాచకుండా రాసిపెట్టినందుకు ఆమెకు నా నమస్కారం. నొప్పికి ఓడిపోతున్నానేమోనని సిగ్గుపడే ప్రతి విశ్వాసికీ అది కావాలి.

ఒక రాత్రి మరో అక్క సెలీన్ చూస్తే చెల్లి మేలుకునే ఉంది. నిద్రపోవచ్చుగా అంది అక్క. బాధ ఎక్కువై నిద్ర పట్టక ప్రార్థిస్తున్నానంది చెల్లి. యేసుతో ఏం చెబుతున్నావని అడిగితే, ఏమీ చెప్పడం లేదు, ఆయనను ప్రేమిస్తున్నానంతే అంది.

సెప్టెంబరు 30. రోజంతా ఊపిరి అందలేదు. ఇంత బాధ ఉంటుందని ఎన్నడూ అనుకోలేదంది. అయినా ప్రేమకు తనను అప్పగించుకున్నందుకు విచారం లేదని చెప్పింది. సాయంత్రం ఏడు గంటలు దాటాక, చేతిలోని సిలువ వైపు చూసి దేవుణ్ణి ప్రేమిస్తున్నానని పలికి కన్నుమూసింది. 24 ఏళ్లు. తనను కమ్మిన చీకటి విడిపోయిందని చివరిదాకా ఆమె ఎవరితోనూ అనలేదు.