ఆర్థిక మాంద్యం – రైల్వే సరకు రవాణా

గనులు, కార్ఖానాలు, రేవులు, గోదాములు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో గూడ్సు బండ్ల రాకపోకలను బట్టి తెలుసుకోవచ్చు. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు రైల్వే సరకు రవాణా మందగిస్తుంది; చాలాసార్లు జాతీయోత్పత్తి కంటే ఎక్కువగా పడిపోతుంది. 1929 తర్వాతి మహా మాంద్యంలో అమెరికా రైళ్లు మోసిన సరకు మూడేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. 2009లో అదే దేశంలో వ్యాగన్ల లోడింగ్ ఒక్క ఏడాదిలో ఆరో వంతు తగ్గింది. భారతదేశంలో కోవిడ్ లాక్‌డౌన్ అమలైన 2020 ఏప్రిల్‌లో రైల్వే లోడింగ్ అంతకు ముందటి ఏప్రిల్‌తో పోలిస్తే 35 శాతం పడిపోయింది. రైల్వే ఆదాయం, సిబ్బంది ఉపాధి, పట్టాల మరమ్మతు, లారీలతో పోటీపడే శక్తి కూడా మాంద్యం దెబ్బ నుంచి తప్పించుకోలేవు. గిరాకీ తిరిగి వచ్చిన రోజున దాన్ని మోసే సత్తా రైల్వేకు ఉంటుందా లేదా అన్నది ఈ గడ్డుకాలంలో తీసుకున్న నిర్ణయాలే తేలుస్తాయి.

గిరాకీ స్వభావం

సరకు రవాణాకు సొంత గిరాకీ ఉండదు. ఇల్లు కట్టేవాళ్లుంటే సిమెంటు కదులుతుంది. కరెంటు వాడకం ఉంటే బొగ్గు కదులుతుంది. ఉక్కు అమ్ముడుపోతే ఇనుప ఖనిజం కదులుతుంది. ఇలా మరో వస్తువు గిరాకీ నుంచి పుట్టేదాన్ని ఆర్థికశాస్త్రంలో ఉత్పన్న గిరాకీ అంటారు. రైళ్లు ప్రధానంగా మోసేవి ముడిసరుకులు, భారీ సరుకులు. జనం చేతిలో డబ్బు ఆడనప్పుడు బియ్యం కొనడం మానరు గానీ ఇల్లు కట్టడం, కారు కొనడం వాయిదా వేస్తారు. అందుకే సిమెంటు, ఉక్కు, మోటారు వాహనాల రవాణా ముందుగా, లోతుగా పడిపోతుంది. ఆహార ధాన్యాలు, ఎరువులు నిలదొక్కుకుంటాయి. బొగ్గు ఈ రెండింటికీ మధ్యస్థం: ఇళ్ల కరెంటు వాడకం పెద్దగా తగ్గదు, పరిశ్రమల వాడకం తగ్గుతుంది.

నిల్వల ప్రభావం ఈ పతనాన్ని ఇంకా పెంచుతుంది. అమ్మకాలు పదో వంతు తగ్గితే ఉక్కు కర్మాగారం ఖనిజం కొనుగోలును పదో వంతే తగ్గించి ఊరుకోదు. యార్డులో ఉన్న కుప్పలను ముందు వాడుకుంటుంది. కొత్త రేకుల (ఒక గూడ్సు బండికి సరిపడే వ్యాగన్ల వరుసల) కోసం రైల్వేకు పెట్టే ఇండెంట్లు కొన్ని వారాలు బాగా తగ్గిపోతాయి. తిరిగి గిరాకీ పుంజుకున్నప్పుడు రోజువారీ అవసరంతో పాటు ఖాళీ అయిన నిల్వలనూ నింపుకోవాలి కాబట్టి రవాణా ఉత్పత్తి కంటే వేగంగా పెరుగుతుంది.

రైల్వే ఖర్చులు, ఆదాయం

లారీ యజమాని బండి ఆపితే డీజిల్ ఖర్చు ఆగుతుంది. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు, స్టేషన్లు, జీతాలు, పింఛన్లు మాత్రం బండ్లు నడిచినా నడవకపోయినా రైల్వే భరించక తప్పదు. అందువల్ల సరకు పదో వంతు తగ్గితే ఖర్చు అంతగా తగ్గదు, లోటు పెరుగుతుంది. వంద రూపాయల ఆదాయం సంపాదించడానికి ఎంత ఖర్చయిందో చెప్పే నిర్వహణ నిష్పత్తి మాంద్యంలో దిగజారేది ఇందుకే.

భారతీయ రైల్వేలో దీనికి మరో కోణం ఉంది. రవాణా ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు సరకు నుంచే వస్తుంది. ప్యాసింజరు బండి టికెట్టు తక్కువ ధరకు దొరుకుతోందంటే అందులో కొంత భారం బొగ్గు వ్యాగను మోస్తోందన్నమాట. లోడింగ్‌లో బొగ్గు వాటా సుమారు సగం. ఒక బొగ్గు రేక్‌లో 58 లేదా 59 వ్యాగన్లు, సుమారు 4,000 టన్నుల సరకు ఉంటాయి. రోజుకు పది రేకులు తగ్గాయంటే 40,000 టన్నుల మీద వచ్చే రాబడి పోయినట్టే.

గూడ్స్ షెడ్లలో టన్నుల లెక్కన కూలి పుచ్చుకునే హమాలీలకు ఈ దెబ్బ నేరుగా తగులుతుంది. రేక్ రాని రోజున వాళ్లకు కూలి లేదు. స్టేషను బయట లారీ డ్రైవర్లు, టీ కొట్లు, కాటా నడిపేవాళ్ల రాబడి కూడా ఆ రేక్‌తోనే ముడిపడి ఉంటుంది. లోడింగ్ లెక్కల్లో వీళ్ల నష్టం కనబడదు.

మహా మాంద్యం: 1929–1939

అమెరికా ప్రథమ శ్రేణి రైల్వేలు 1929లో సుమారు 44,700 కోట్ల టన్ను-మైళ్ల సరకు మోశాయి. 1932 నాటికి అది 23,400 కోట్లకు పడిపోయింది. ఏటా నింపిన వ్యాగన్ల సంఖ్య 5.28 కోట్ల నుంచి 2.82 కోట్లకు దిగింది. 1929లో 16 లక్షలకు పైగా ఉన్న రైల్వే ఉద్యోగులు 1933 నాటికి 10 లక్షల లోపే మిగిలారు. బాండ్ల మీద వడ్డీ కట్టలేక పెద్ద పెద్ద కంపెనీలు దివాలా తీశాయి. మిస్సోరీ పసిఫిక్ 1933లో ఆ దారి పట్టింది. దశాబ్దం చివరికి దేశంలోని రైలు మార్గాల్లో సుమారు మూడో వంతు కోర్టుల పర్యవేక్షణలో ఉంది. ప్రభుత్వం 1932లో పునర్నిర్మాణ ఆర్థిక సంస్థను స్థాపించి రైల్వేలకు అప్పులిచ్చింది. 1933లో అత్యవసర రైలు రవాణా చట్టం తెచ్చి జోసెఫ్ ఈస్ట్‌మన్‌ను సమన్వయాధికారిగా నియమించింది.

బ్రిటిష్ ఇండియాలో 1924 ఒప్పందం ప్రకారం రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్ నుంచి వేరు చేశారు. రైల్వేలు ఏటా ఖజానాకు కొంత సొమ్ము చెల్లించేవి. మాంద్యంలో వ్యవసాయోత్పత్తుల ధరలు కూలి, ఎగుమతులు తగ్గి, 1931–32 నుంచి కొన్నేళ్లపాటు ఆ చెల్లింపు నిలిచిపోయింది. తరుగుదల నిధి నుంచి డబ్బు తీసి లోటు పూడ్చుకున్నారు, సిబ్బందిని తగ్గించారు. ఖర్చుల పొదుపుపై 1930ల తొలినాళ్లలో పోప్ కమిటీ, రైల్వేల ఆర్థిక స్థితిపై 1936–37లో సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ కమిటీ విచారణ జరిపాయి. రోడ్డు మీద మోటారు వాహనాల పోటీ ఆనాడే రైల్వేలకు పెద్ద ప్రశ్నగా నిలిచింది.

2008–09 ప్రపంచ ఆర్థిక సంక్షోభం

2009లో అమెరికా రైళ్ల వ్యాగన్ లోడింగ్ 2008 కంటే 16.1 శాతం, కంటైనర్లు, ట్రైలర్ల రవాణా 14.1 శాతం తగ్గాయి. ఆ ఏడాది నడిమికి సుమారు 5 లక్షల వ్యాగన్లు పని లేక పక్క లైన్ల మీద నిలిచిపోయాయి. పల్లెల వెంబడి, ఎడారుల్లో మైళ్ల పొడవున నిలిచిన ఖాళీ వ్యాగన్ల వరుసలు ఆ కాలపు గుర్తులయ్యాయి. ఆ పరిస్థితిలోనే, 2009 నవంబరు 3న, వారెన్ బఫెట్ నాయకత్వంలోని బెర్క్‌షైర్ హాథవే సంస్థ బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వేను పూర్తిగా కొంటున్నట్టు ప్రకటించింది. అమెరికా ఆర్థిక భవిష్యత్తు మీద నమ్మకంతో పెట్టిన పెట్టుబడిగా దాన్ని ఆయన అభివర్ణించారు.

భారతదేశంలో అదే సంక్షోభం మరో రూపంలో కనిపించింది. 2006–07లో సుమారు 728 మిలియన్ టన్నులున్న లోడింగ్ మరుసటి ఏడు 794కు, అంటే 9 శాతం పెరిగింది. 2008–09లో అది 833 మిలియన్ టన్నులకు చేరింది; పెరుగుదల 5 శాతానికి పరిమితమైంది. ఇక్కడ సరకు తగ్గలేదు, పెరుగుదల వేగం తగ్గింది. దేశీయ బొగ్గు, ఆహార ధాన్యాలు, సిమెంటు బండిని నిలబెట్టాయి. వేగంగా ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థల్లో మాంద్యం చాలాసార్లు ఇలాగే వస్తుంది. మొత్తం టన్నులనే చూసేవారికి అది కనబడదు. పెరుగుదల రేటును చూస్తేనే బయటపడుతుంది.

2019–21: మందగమనం, లాక్‌డౌన్

2019 రెండో అర్ధభాగంలో భారత ఆర్థిక వ్యవస్థ నెమ్మదించింది. అదే వర్షాకాలంలో గనుల్లోకి నీరు చేరి బొగ్గు ఉత్పత్తి కూడా తగ్గింది. ఈ రెంటి వల్ల లోడింగ్ పడిపోవడంతో రైల్వే బోర్డు ఆ ఏడు బిజీ సీజన్ సర్‌ఛార్జిని (రద్దీ కాలంలో వేసే అదనపు చార్జీని) నిలిపివేసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. 2019 ఏప్రిల్‌లో 101 మిలియన్ టన్నులున్న లోడింగ్ 2020 ఏప్రిల్‌లో 65కు కూలింది. ఆహార ధాన్యాల రవాణా మాత్రం ఉచిత రేషన్ పంపిణీ వల్ల బాగా పెరిగింది.

కోలుకోవడం వేగంగా జరిగింది. సెప్టెంబరులో లోడింగ్ 102 మిలియన్ టన్నులు దాటింది. అది 2019 సెప్టెంబరు కంటే 15 శాతం ఎక్కువ. అయితే పోలికకు తీసుకున్న 2019 సెప్టెంబరు లోడింగే తక్కువ, 88.5 మిలియన్ టన్నులు. మాంద్యం లెక్కలు చదివేటప్పుడు పోల్చే ఏడాది ఎలాంటిదో చూడకపోతే పొరపాటు పడతాం. ఏడాది మొత్తంలో 2020–21 లోడింగ్ 1,209 నుంచి 1,233 మిలియన్ టన్నులకు పెరిగింది. దేశ ఉత్పత్తి దాదాపు 6 శాతం కుంగిన ఏడాదిలో ఇది అరుదైన ఫలితం. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోవడంతో పట్టాలు ఖాళీ అయ్యి, గంటకు సుమారు 23 కిలోమీటర్లుండే గూడ్సు బండి సగటు వేగం దాదాపు రెట్టింపైంది. సరకు ఆదాయం 3 శాతం పెరిగి 1,17,386 కోట్ల రూపాయలకు చేరింది. ప్రయాణికుల ఆదాయం మాత్రం 50 వేల కోట్లకు పైనుంచి సుమారు 15 వేల కోట్లకు కుప్పకూలింది.

అమెరికాలో 2020లో వ్యాగన్ లోడింగ్ 12.9 శాతం తగ్గినా కంటైనర్లు, ట్రైలర్ల రవాణా 2 శాతమే తగ్గింది. ఇళ్లలో ఉన్న జనం ఆన్‌లైన్‌లో వస్తువులు కొనడం దానికి కారణం.

తెలుగు ప్రాంతాలలో

సికింద్రాబాద్ కేంద్రంగా 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు సింగరేణి బొగ్గు, సిమెంటు, ధాన్యం, రేవుల సరకు ప్రధాన ఆధారం. ఇందులో బొగ్గు, ధాన్యం దేశీయ అవసరాలకే పోతాయి కాబట్టి విదేశీ మాంద్యాల వేడి వాటికి నేరుగా తగలదు. విశాఖపట్నం పరిస్థితి వేరు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని కొండల మీదుగా రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం మొదటి నుంచీ ప్రపంచ ఉక్కు విపణికి కట్టుబడినదే.

లాక్‌డౌన్‌లో ఈ ప్రాంతం కొత్త దారులు చూపింది. అంతకు ముందు ప్రయాణికుల రైళ్లకు తగిలించి పంపే పాల ట్యాంకర్లను 2020 మార్చి చివరి నుంచి రేణిగుంట–హజ్రత్ నిజాముద్దీన్ 'దూధ్ దురంతో' ప్రత్యేక రైళ్లుగా నడిపారు. జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చి పార్సిల్ రైలులో బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. సెప్టెంబరు 9న అనంతపురం నుంచి పండ్లతో ఢిల్లీకి బయలుదేరిన కిసాన్ రైలు దక్షిణాదిలో మొదటిది.

లారీలతో పోటీ

పని తగ్గినప్పుడు లారీ యజమానులు కిస్తీలు కట్టుకోవడానికి బాడుగ తగ్గించి అయినా సరకు ఎత్తుకుంటారు. రైలు చార్జీలు రైల్వే బోర్డు నిర్ణయించేవి. అంత తొందరగా దిగవు. పైగా చిన్న వ్యాపారికి మాంద్యంలో పూర్తి రేక్ నింపేంత సరకు దొరకదు. ఇలా సిమెంటు, ఉక్కు వంటివి రోడ్డెక్కితే మంచి రోజులొచ్చాక కూడా చాలా భాగం వెనక్కి రావు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో భారత సరకు రవాణాలో 80 శాతానికి మించి ఉన్న రైలు వాటా ఇటీవల 30 శాతం లోపుకు చేరడానికి మాంద్యాలొక్కటే కారణం కాదు. కానీ ప్రతి మాంద్యమూ ఈ జారుడును వేగిరపరుస్తుంది. రాయితీలు, చిన్న రేకులకు అనుమతి, వ్యాపారులను కలిసి సరకు సంపాదించే వ్యాపారాభివృద్ధి విభాగాలు వంటి చర్యలు భారతీయ రైల్వే 2020లో చేపట్టింది ఈ నష్టాన్ని ఆపడానికే.

తాత్కాలికం, శాశ్వతం

ప్రతి తగ్గుదలా మాంద్యం పని కాదు. అమెరికాలో 2008 తర్వాత బొగ్గు వ్యాగన్లు తగ్గడానికి సంక్షోభం ఆరంభం మాత్రమే. చౌకైన సహజవాయువు, గాలి, సౌర విద్యుత్తు వచ్చి 2020 నాటికి ఆ రవాణా సగానికి పైగా పడిపోయింది. మాంద్యం తెచ్చిన తగ్గుదల ఆర్థిక వ్యవస్థతో పాటు కోలుకుంటుంది. ఇంధనం, సాంకేతికత మారడం వల్ల పోయిన సరకు తిరిగి రాదు. దాని స్థానంలో కొత్త సరకు వెతుక్కోవాలి.

ఆర్థిక సూచికగా

రైల్వేలను చూసి ఆర్థిక వ్యవస్థను అంచనా వేయడం పాత అలవాటే. అమెరికాలో 1884లో ఛార్లెస్ డౌ ప్రచురించిన మొదటి షేర్ల సగటులో 11 కంపెనీలుంటే వాటిలో 9 రైల్వేలే. భారతదేశంలో ఎనిమిది కీలక పరిశ్రమల సూచీలోని బొగ్గు, ఉక్కు, సిమెంటు, ఎరువులు రైళ్లలో ఎక్కువగా కదిలేవే. త్రైమాసిక జాతీయోత్పత్తి అంచనాల్లో రైల్వే టన్ను-కిలోమీటర్ల లెక్కనూ వాడతారు. అయితే సేవారంగం పెరిగిన కొద్దీ ఈ అద్దంలో ఆర్థిక వ్యవస్థ మొత్తం కనబడదు. సాఫ్ట్‌వేర్ ఎగుమతికి వ్యాగన్ అవసరం లేదు.

మాంద్యం మిగిల్చేది

మాంద్యంలో ఖర్చు తగ్గించుకోవడం ఏ రైల్వేకైనా తప్పదు. ఎక్కడ తగ్గించుకుంటారన్నదే ముఖ్యం. అమెరికా పెద్ద రైల్వేలు 2022కు ముందటి ఆరేళ్లలో సుమారు 45,000 ఉద్యోగాలు, అంటే సిబ్బందిలో 29 శాతం, తగ్గించుకున్నాయి. కోవిడ్ తర్వాత గిరాకీ లేచినప్పుడు రైళ్లు నడిపే మనుషులు చాలక సరకు నిలిచిపోయింది. 2022 ఏప్రిల్‌లో అక్కడి రవాణా నియంత్రణ బోర్డు దీనిపై బహిరంగ విచారణ జరపాల్సి వచ్చింది. అదే ఏప్రిల్, మే నెలల్లో భారతదేశంలో విద్యుత్ గిరాకీ ఒక్కసారిగా పెరిగి, బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి వందల ప్రయాణికుల రైలు ట్రిప్పులను రద్దు చేశారు. మందగమనంలో ఖాళీగా కనిపించిన లైన్లు రెండేళ్లకే చాలకుండా పోయాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో భారతీయ రైల్వే ఏళ్ల తరబడి వాయిదా పడిన సుమారు 200 పనులు చేపట్టింది. రద్దీ వల్ల మామూలు రోజుల్లో గంటల తరబడి లైను మూయడం కుదరని కాజీపేట, విజయవాడ యార్డుల్లో పట్టాల మార్పు పనులు ఆ నిశ్శబ్దంలోనే జరిగాయి. డిసెంబరు 29న తూర్పు ప్రత్యేక సరకు కారిడార్‌లోని ఖుర్జా–భావుపూర్ భాగం ప్రారంభమైంది. 2021–22లో లోడింగ్ 1,418 మిలియన్ టన్నులకు ఎగబాకింది. పట్టాలు వేయడానికి ఏళ్లు, లోకో పైలట్‌ను తయారుచేయడానికి నెలలు పడతాయి. గిరాకీ మాత్రం కొన్ని వారాల్లోనే తిరిగి వస్తుంది. బండ్లు తగ్గిన రోజుల్లో పట్టాలనూ మనుషులనూ కాపాడుకున్న రైల్వేకే ఆ సరకు దక్కుతుంది.