యూనియన్: రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు

సరిహద్దు గ్రామాల నుండి చెన్నై, శ్రీపెరుంబుదూరు పరిసరాల కర్మాగారాలకు పనికి వెళ్ళే యువతీయువకుల ఇళ్ళలో యూనియన్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. సంఘాన్ని స్థాపించడం, రిజిస్టరు చేయడం, యాజమాన్యపు గుర్తింపు పొందడం అనేవి మూడు వేర్వేరు మెట్లు. ఒకటి ఎక్కినంత మాత్రాన తరువాతిది దానంతట అది లభించదు. ఇందుకు చెన్నపట్టణపు చరిత్రయే సాక్ష్యం.

1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల కష్టాలు చూచి సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు పూనుకొన్నారు. అనీబిసెంటు సహచరుడైన బి.పి.వాడియా అధ్యక్షుడయ్యారు. అప్పటికి సంఘాలను కాపాడే చట్టమేదీ లేదు. 1920లో బిన్నీ కంపెనీ హైకోర్టులో దావా వేసి, వాడియా తదితరులపై నిషేధపు ఉత్తర్వు పొందింది. తుదకు వాడియా సంఘం నుండి తప్పుకొనవలసి వచ్చింది. ఈ అనుభవం దరిమిలా 1921లో ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో చట్టం కోరుతూ తీర్మానం ప్రవేశపెట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అది రిజిస్టరైన సంఘానికి రక్షణ ఇచ్చింది గాని, యాజమాన్యం ఆ సంఘంతో చర్చించి తీరాలని నిర్బంధించలేదు.

అధిక వేతనం గల విమాన పైలట్లకు కూడ ఈ చిక్కు తప్పలేదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్‌ను స్థాపించిన పిమ్మట ఇద్దరు పైలట్లు ఉద్యోగం కోల్పోయారు. సెప్టెంబరులో వందలాది పైలట్లు ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. 5 రోజుల తరువాత రాజీ కుదిరి, తొలగించిన వారిని తిరిగి చేర్చుకొన్నారు.

ఇటీవలి ఉదాహరణ శ్రీపెరుంబుదూరు సమీపంలోని శాంసంగ్ కర్మాగారం. 2024 సెప్టెంబరు 9న మొదలైన సమ్మె 37 రోజులు సాగింది. సంఘానికి తన పేరు పెట్టుకొనడంపై కంపెనీ అభ్యంతరం తెలిపింది. రిజిస్ట్రేషన్ దరఖాస్తుపై 6 వారాలలో నిర్ణయం తీసుకొనవలసిందిగా మద్రాసు హైకోర్టు డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరి 27న శాంసంగ్ ఇండియా వర్కర్స్ యూనియన్ రిజిస్టరైంది. అంతటితో వివాదం ముగియలేదు. ఫిబ్రవరిలో ముగ్గురు నాయకుల సస్పెన్షన్‌పై మరల ఆందోళన జరిగింది. మే నెలలో వేతన ఒప్పందం కుదిరింది.

2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సంఘం రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు దరఖాస్తు చేయాలి. ఆనాటికి సంస్థలోని కార్మికులలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది, సభ్యులై ఉండాలి. ఒకటికి మించి సంఘాలున్న చోట, హాజరు పట్టీలోని కార్మికులలో 51 శాతం మంది మద్దతు గల సంఘమే చర్చలకు అర్హమవుతుంది. అంత బలం దేనికీ లేనప్పుడు 20 శాతానికి తగ్గని సంఘాల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు అవసరం. సగం మంది కార్మికులు కూడబలుక్కొని ఒకేరోజు క్యాజువల్ సెలవు పెట్టినా అది సమ్మెగానే పరిగణింపబడుతుంది.

కనుక సంఘం బలం సభ్యుల లెక్కలోనే ఉంది. సభ్యత్వ రసీదు, నియామక పత్రం, జీతపు చీటీ ఈ మూడింటిని ఇంటివద్ద భద్రపరచుకొన్న కార్మికుడు ఆ లెక్కలో తన స్థానాన్ని రుజువు చేసుకొనగలడు.