చిలకా ఒడ్డున వలలూ విహార పడవలూ

ఖరగ్‌పూర్‌లో దక్షిణాదికి వెళ్లే రైలెక్కినవారికి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తరువాత, బాలుగావ్ దాటాక, ఎడమచేతి వైపు నీరు కనిపించడం మొదలవుతుంది. రంభ స్టేషను దాకా ఒకవైపు తూర్పు కనుమల కొండలు, మరోవైపు చిలకా సరస్సు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరి నింపురాలోనూ మథురాకాటీలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం మూడు నాలుగు తరాలుగా పరిచితం. సెలవుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు పోయే ఆ కుటుంబాలకు చిలకా కనబడిందంటే ఊరు దగ్గర పడినట్లే. కిటికీలోంచి కనిపించే ఆ నీటి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం రైలులోని వారికి తట్టే అవకాశం తక్కువ. ఒడిశా రాజకీయాలు కనీసం నాలుగు దశాబ్దాలుగా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. దాని కోసం ప్రాణాలు కూడా పోయాయి.

ఆ రైలు మార్గమే చిలకా ఆధునిక చరిత్రకు తొలి మలుపు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా వేసిన లైను 1893–1896 మధ్య దశలవారీగా తెరుచుకుంది. ఖరగ్‌పూర్ మీదుగా బెంగాల్ నాగపూర్ రైల్వే లైను 1899 జనవరి నాటికి కటక్ చేరింది. 1902లో ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తర భాగాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే తనలో కలుపుకుంది. దానితో సరస్సులో పట్టిన చేపకు కలకత్తా అంగడి అందుబాటులోకి వచ్చింది. అంతవరకు ఎండు చేపగానో ఉప్పు చేపగానో మాత్రమే దూరం పోగలిగిన సరుకు, మంచుగడ్డల మధ్య తాజాగా ప్రయాణించసాగింది. సరుకుతో పాటు కొనుగోలుదారు వచ్చాడు, అతనితో పాటు అప్పు ఇచ్చే వ్యాపారి వచ్చాడు. మత్స్యకారుడు తన చేపను తానే వేలం వేసుకోలేని స్థితి ఆ అప్పుతోనే మొదలైంది. పర్యాటకుడు వచ్చింది కూడా ఈ లైను మీదనే, కాకపోతే చాలా ఆలస్యంగా.

ఆసియాలోనే అతి పెద్ద ఉప్పునీటి కయ్యల్లో చిలకా ఒకటి. వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి, వేసవిలో 900 దరిదాపులకు కుంచించుకుపోతుంది. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య ఉన్న ఈ నీటిలోకి మహానది పాయలైన దయా, భార్గవి నదులు మంచినీటిని తెస్తే, సముద్ర ముఖద్వారం ఉప్పునీటిని తెస్తుంది. ఈ రెండింటి మధ్య తూకం మీదే చేప, రొయ్య, మండపీత ఆధారపడి ఉంటాయి. సరస్సు చుట్టూ నూటముప్పైకి పైగా మత్స్యకార గ్రామాలున్నాయి. వాటిలో కేవటులు ప్రధానంగా వలలతో పడతారు. కండరాలు, తియరాలు బుట్టలతోనూ వెదురు అమరికలతోనూ పడతారు. ముఖద్వారం వైపు నోలియాలున్నారు. నోలియా అంటే మరెవరో కాదు, మన ఉత్తరాంధ్ర తీరంలోని వాడబలిజ, జాలారి కులాలకు చెందిన తెలుగు సముద్ర మత్స్యకారులకు ఒడియా వారు పెట్టిన పేరు. గోపాలపూర్‌లో, పూరీ పెంఠకటాలో ఉన్నదీ వీరే. పూరీ తీరంలో స్నానానికి దిగే బెంగాలీ యాత్రికుణ్ణి చేయిపట్టి అలలు దాటించే నోలియా, ఇంట్లో మాట్లాడే భాష తెలుగు.

సరస్సు దక్షిణ భాగం ఒకప్పుడు రాజకీయంగా కూడా మద్రాసు వైపుదే. రంభ ఉన్న ఖళ్లికోట జమీందారీ, గంజాం జిల్లాలో భాగంగా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 18వ శతాబ్ది చివర గంజాం కలెక్టరుగా పనిచేసిన థామస్ స్నాడ్‌గ్రాస్ రంభలో సరస్సు ఒడ్డున ఒక భవంతి కట్టించాడు. జిల్లా సొమ్ముతో విలాసం వెలగబెట్టాడన్న అపకీర్తి అతడిని చాలాకాలం వెంటాడింది. చిలకా ఒడ్డున విహారం కోసం ఇల్లు కట్టుకున్న తొలి ప్రముఖుడు అతడే అనవచ్చు. ఆ భవంతి తరువాత ఖళ్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలన్న ఉత్కళ సమ్మిళని ఉద్యమానికి అండగా నిలిచిన వారిలో ఖళ్లికోట రాజా హరిహర మర్దరాజ్ ఒకరు. ఆ ఉద్యమం ఫలించి ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు పోయింది. తెలుగు, ఒడియా నాయకులు తాలూకాల లెక్కల మీద హోరాహోరీ వాదించుకున్నారు. ఆ వాదనల్లో సరస్సు మీది కులాల గురించి, వారి పట్టు హక్కుల గురించి ఎవరూ పెద్దగా నోరెత్తలేదు. రంభ భవంతి ఇప్పుడు మరమ్మతులు జరిగి, ధనిక యాత్రికులకు హోటలుగా నడుస్తున్నది.

చిలకాలో పట్టు అంటే ఎవరికి తోచిన చోట వారు వల విసరడం కాదు. జమీందారుల కాలం నుంచి నీటిని భాగాలుగా విభజించి గ్రామాలకు కౌలుకు ఇచ్చేవారు. వాన తగ్గి నీరు తీస్తున్నప్పుడు వెదురు దడులతో పెద్ద విస్తీర్ణాన్ని చుట్టి, లోపల చిక్కిన చేపను పట్టే పద్ధతి 'జానో'. లోతు నీటిలో వలతో పట్టేది 'బహాని'. ఏ కులం ఏ సాధనంతో, ఏ ఋతువులో, ఎక్కడ పట్టాలో ఆచారం నిర్ణయించేది. ఈ ఆచారంలో సమానత్వం ఉండేదని చెప్పలేం. పైకులాలకు పీతలూ బురదా ముట్టరాని వస్తువులు కాబట్టే ఆ నీరు మత్స్యకార కులాలకు మిగిలిందన్నది అసలు సంగతి. 1950ల తొలినాళ్లలో జమీందారీ రద్దుతో సరస్సు ప్రభుత్వపరమైంది. 1959లో కేంద్ర మత్స్యకార సహకార సంఘం ఏర్పడింది. అది ప్రభుత్వం నుంచి కౌలు తీసుకుని గ్రామ సంఘాలకు పంచేది. లోపాలెన్ని ఉన్నా, కౌలు మత్స్యకారుల సంఘాలకే అన్న సూత్రం నిలిచింది.

ఆ సూత్రానికి గండి కొట్టింది రొయ్య. 1980లలో జపాన్, అమెరికా విపణుల్లో టైగర్ రొయ్యకు ధర పలకడంతో, నిన్నటిదాకా బురద అన్నవారికే అందులో బంగారం కనిపించింది. సరస్సు అంచుల్లో కట్టలు కట్టి, వలల కంచెలు వేసి రొయ్యలను పెంచే 'ఘేరీ'లు వెలిశాయి. వాటి వెనుక ఉన్నది స్థానిక భూస్వాములు, వ్యాపారులు, అన్ని పార్టీల చోటా నాయకులు. 1986లో జె.బి. పట్నాయక్ నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం టాటా సంస్థతో కలిసి ఉమ్మడి రంగంలో భారీ రొయ్యల పెంపకానికి ఒప్పందం చేసుకుంది. ప్రతిపక్షంలో ఉండగా చిలకా మత్స్యకారుల పక్షాన మాట్లాడిన బిజూ పట్నాయక్, 1990లో ముఖ్యమంత్రి అయ్యాక అదే ప్రాజెక్టును ముందుకు నడిపించారు. ఇటువంటి మలుపులు కొల్లేరు రాజకీయం చూసిన తెలుగు పాఠకులకు వింత గొల్పవు.

పనసపడా వద్ద కట్టలు లేస్తుండగా ఉత్కళ విశ్వవిద్యాలయ విద్యార్థులు గ్రామాలకు వెళ్లారు. చిలకా మత్స్యజీవి మహాసంఘం కదిలింది. సోషలిస్టు నాయకుడు బంకబిహారీ దాస్ వంటి వారు తోడుగా రాగా 'చిలకా బచావో ఆందోళన్' రూపుదిద్దుకుంది. 1991లో వేల మంది మత్స్యకారులు భువనేశ్వర్ వీధుల్లోకి వచ్చారు. 1992 జనవరిలో స్త్రీపురుషులు కలిసి పనసపడా కట్టను తవ్వడానికి పూనుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోగా టాటా సంస్థ వెనక్కు తగ్గింది. దేశమంతా సరళీకరణ మంత్రం జపిస్తున్న ఆ రెండేళ్లలో ఒక పెద్ద పారిశ్రామిక సంస్థను మత్స్యకార గ్రామాలు నిలువరించగలిగాయి. అయినా అది సగం గెలుపే. అదే 1991 డిసెంబరులో తెచ్చిన కౌలు విధానం సరస్సును 'పట్టు' క్షేత్రాలు, 'పెంపకం' క్షేత్రాలు అని విడదీసి, రెండో దానిలోకి మత్స్యకారేతరులకు దారి చూపింది. టాటా పోయింది కానీ ఘేరీ మిగిలింది.

1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు, గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో తీర్పు ఇస్తూ, చిలకా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని ఆదేశించింది. పులికాట్ పేరు ఆ తీర్పులో చిలకా పక్కనే ఉన్న సంగతి మన దగ్గర తగినంత చర్చకు రాలేదు. ఒడిశాలోనూ తీర్పు అమలు నత్తనడక నడిచింది. విసిగిన మత్స్యకారులు 1999 మే నెలలో స్వయంగా ఘేరీలను కూల్చడం మొదలుపెట్టారు. మే 29 రాత్రి సొరణ గ్రామంలోకి పోలీసులు వచ్చారు. కాల్పుల్లో నలుగురు చనిపోయారు, వారిలో ఒక మహిళ ఉంది. అప్పటి ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్, అదీ కాంగ్రెస్ ప్రభుత్వమే. కోర్టు వద్దన్న కంచెలను కూల్చినవారి మీద తూటాలు పేలాయి. కంచెలు వేసినవారి మీద లాఠీ కూడా లేవలేదు.

ఈలోగా సరస్సే మరణశయ్య ఎక్కింది. నదులు తెచ్చిన ఒండ్రుతో ముఖద్వారం పూడుకుపోయి ఉప్పదనం తగ్గింది, కలుపు అల్లుకుంది, చేప పడిపోయింది. 1981లో రామ్‌సర్ జాబితాకెక్కిన చిలకాను 1993లో ప్రమాదంలో ఉన్న తడినేలల మాంట్రూ పట్టికలో చేర్చారు. చిలకా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరు 23న సిపకుడా దగ్గర కొత్త ముఖద్వారం తవ్వించింది. సముద్రపు నీరు తిరిగి లోపలికి వచ్చింది. 1999–2000లో సుమారు 1,700 టన్నులున్న దిగుబడి 2001–02కి 12,000 టన్నుల దరిదాపులకు చేరింది. 2002లో మాంట్రూ పట్టిక నుంచి చిలకాను తొలగించారు, రామ్‌సర్ పురస్కారం కూడా దక్కింది. ఇంజనీర్ల, శాస్త్రవేత్తల ఈ విజయాన్ని తక్కువ చేయనక్కర లేదు. నీటికి దారి దొరికినంత వేగంగా కౌలుకు దారి దొరకలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 2002లో వచ్చిన చిలకా చేపల వేట నియంత్రణ బిల్లు 70 శాతం మత్స్యకారులకు, 30 శాతం ఇతరులకు అన్న పంపకాన్ని ప్రతిపాదించింది. తమ నీటిలో మూడో వంతుకు దగ్గరగా చట్టబద్ధంగా పోతుందని మత్స్యకారులు దానిని ఎదిరించారు.

పర్యాటకం పెద్ద ఎత్తున వచ్చింది ఈ కోలుకున్న సరస్సుకే. అంతకుముందు కూడా రంభలో, బర్‌కుల్‌లో ప్రభుత్వ పర్యాటక సంస్థ పాంథనివాసాలున్నాయి. కాళీజాయి గుడికి మకర సంక్రాంతి నాడు జనం పోటెత్తేవారు, శీతకాలంలో నలబణ పక్షుల కోసం కొందరు వచ్చేవారు. ముఖద్వారానికి చేరువలో ఉన్న సాతపడా కథ వేరు. చేపల ఊరుగా ఉన్న ఆ రేవు, ఇరావతి డాల్ఫిన్ల పుణ్యమా అని పూరీ యాత్ర ప్యాకేజీలో ఒక పూటగా మారిపోయింది. సరస్సులో ఉన్న డాల్ఫిన్లు నూటయాభై అటూ ఇటూ. వాటిని చూపించడానికి వందల కొద్దీ మోటారు పడవలు. పడవ యజమానుల సంఘం, వరుస టికెట్లు, ఒడ్డున పీతల వేపుడు దుకాణాలు అన్నీ వచ్చాయి. వలతో పాటు ఇంజను కొనగలిగిన కుటుంబం పడవ యజమాని అయింది, కొనలేని కుటుంబం అతని దగ్గర కూలికి కుదిరింది. మోటారు పంకాలు డాల్ఫిన్లకు చేసే గాయాల గురించి శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూ వచ్చారు.

ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి మరో దారి తొక్కింది. పక్షుల వేటకు పేరుబడ్డ ఆ గ్రామంలో, 2000 ప్రాంతంలో వేటగాళ్లే మనసు మార్చుకుని పక్షి రక్షణ సమితి పెట్టుకున్నారు. ఏ గడ్డి చాటున ఏ పక్షి దాగుతుందో వేటగాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ తెలివే మార్గదర్శి ఉద్యోగానికి పెట్టుబడి అయింది. గడకర్రతో తోసే పడవలే తప్ప మోటారు చప్పుడు లేని ఆ పర్యాటకానికి 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ గుర్తింపు వచ్చింది. సాతపడాకూ మంగళాజోడికీ తేడా ప్రకృతిలో లేదు. ఎవరి చేతిలో నిర్వహణ ఉంది, ఎన్ని పడవలను అనుమతించాలో ఎవరు తేల్చారు అన్నదాంట్లో ఉంది.

2020 మార్చి లాక్‌డౌన్‌తో చిలకా రేవుల్లో విహార పడవలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఖరగ్‌పూర్ నుంచి వచ్చే రైళ్లూ ఆగాయి. గ్రామ సంఘం కౌలులో వాటా ఉన్న కుటుంబానికి, చేప ధర పడిపోయినా, నీరు మిగిలింది. ఆ వాటాను ఘేరీదారుకు రాసిచ్చి పడవ మీదనే బతుకు పెట్టుకున్న కుటుంబానికి ఒడ్డు తప్ప ఏమీ మిగలలేదు.